ట్రౌట్ కోసం నదికి విషం

1962 సెప్టెంబరు 4, మంగళవారం. ముందురోజు అమెరికాలో లేబర్ డే సెలవు. పిల్లాపాపలతో నదీతీరాలకు వెళ్లినవాళ్లంతా ఇళ్లు చేరుకున్నారు. వయోమింగ్ రాష్ట్రంలో గ్రీన్ నది గట్ల మీదికి మాత్రం వేరే మనుషులు దిగారు. వయోమింగ్, యూటా రాష్ట్రాల చేపల శాఖల సిబ్బంది వాళ్లు. వెంట తెచ్చిన డ్రమ్ములను గట్టున నిలబెట్టారు. గొట్టాలు బిగించారు. ధార ఎంత సన్నగా పడాలో సరిచూసుకున్నారు. టైము చూసుకుని తిప్పారు. ద్రావకం నీళ్లను తాకగానే పాలరంగుకు తిరిగింది. కాస్త దూరం ప్రవాహంతో పాటు తెల్లగా సాగి, ఆ తర్వాత ఏమీ లేనట్టే కలిసిపోయింది.

నది పొడవునా, దానిలో కలిసే వాగుల మీదా ఇలాంటి చోట్లు డజన్లకొద్దీ ఉన్నాయి. మూడు రోజుల పాటు ధార ఆగలేదు. మొత్తం 80 వేల లీటర్లకు పైగా మందు. నదీ, ఉపనదులూ కలిపి సుమారు 700 కిలోమీటర్ల నీళ్లు. ఒక ప్రభుత్వం తన నదిలో తన చేపల్ని చంపడానికి చేసిన అతి పెద్ద పనుల్లో ఇదొకటి. ఇందులో దొంగచాటు వ్యవహారం ఏమీ లేదు. బడ్జెట్టుంది, ప్లానుంది, మ్యాపుంది. ఆఫీసులో బల్ల మీద పరిచి, పైవాళ్లు సంతకాలు పెట్టిన పనే.

అంతా ఒక చేప కోసం. దాని పేరు రెయిన్‌బో ట్రౌట్.

ఆకుపచ్చ వీపు, ఒళ్లంతా నల్లటి చుక్కలు, మొప్ప నుంచి తోక దాకా గులాబీరంగు చార. గాలం తగిలిందంటే నీళ్లలోంచి అడుగున్నర ఎత్తు ఎగిరి పల్టీ కొడుతుంది. ఈగ బొమ్మను దారానికి కట్టి నీటి మీదకు విసిరి పట్టే వేట ఒకటుంది, ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ పిచ్చి పట్టినవాళ్లకు ఈ చేపను మించిన చేప లేదు. వాళ్లు లైసెన్సు కొంటారు, కర్రలు కొంటారు, రీళ్లు కొంటారు, మోటెళ్లలో దిగుతారు. 1950లో అమెరికాలో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం వేట సామాను మీద వేసే పన్ను రాష్ట్రాల చేపల శాఖలకు తిరిగి వస్తుంది. అంటే వేటగాడు కొన్న ప్రతి గాలపు కర్రలోనూ శాఖకు వాటా. అలాంటి శాఖ ఎవరి మాట వింటుందో వేరే చెప్పాలా? గ్రీన్ నదిలో విషం కలపడానికి ఖర్చయిన డబ్బూ ఈ దారిలో వచ్చినదే.

మరి నదిలో అప్పటికే ఉన్న చేపల సంగతి? శాఖవాళ్ల కాగితాల్లోనూ, నోట్లోనూ నలిగిన మాట ఒకటే: చెత్త చేపలు.

* * *

ఇక్కడ ఆనకట్ట కథ కొంత చెప్పుకోవాలి. గ్రీన్ నది వయోమింగ్‌లోని విండ్ రివర్ కొండల్లో పుట్టి, దక్షిణంగా యూటాలోకి దిగి, కాస్త కొలరాడోలోకి తొంగిచూసి, మళ్లీ యూటాకు వచ్చి కొలరాడో నదిలో కలుస్తుంది. పొడవు 730 మైళ్లు. 1869 మే నెలలో ఒంటిచేతి మేజర్ జాన్ వెస్లీ పావెల్ చెక్క పడవల్లో ఈ నది మీదే బయల్దేరాడు. ఎర్రటి కొండచరియల మీద ఎండ పడి భగభగ మండినట్టు కనిపించిన చోటికి ఫ్లేమింగ్ గార్జ్ అని పేరు పెట్టాడు. ఆ లోయలోనే 502 అడుగుల కాంక్రీటు గోడ లేస్తోంది, 1962 నాటికి పని చివరికొచ్చింది. మన నాగార్జునసాగర్ డ్యామ్ కన్నా ఎత్తయిన గోడ. గేట్లు మూస్తే వెనక 91 మైళ్ల పొడవున జలాశయం నిండుతుంది.

నిజానికి మొదట అనుకున్న చోట్లలో ఇంకొకటుంది. దిగువన డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతం లోపల, గ్రీన్ నదిలో యాంపా నది కలిసే ఎకో పార్క్. అక్కడ డ్యామ్ కడతామంటే 1950ల్లో అమెరికా అంతా గొడవ లేచింది. సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ తరఫున డేవిడ్ బ్రోవర్ ఊరూరా తిరిగి వాదించాడు. రచయిత వాలెస్ స్టెగ్నర్ ఆ లోయల గురించి ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. 1956లో ఆనకట్టల చట్టం వచ్చేసరికి ఎకో పార్క్ పేరు జాబితాలోంచి పోయింది. ఫ్లేమింగ్ గార్జ్ మిగిలింది. పర్యావరణవాదులు పండగ చేసుకున్నారు. ఆరేళ్ల తర్వాత ఆ పైనుంచే విషం దిగివస్తుందని అప్పుడెవరికి తెలుసు?

చేపల శాఖల లెక్క సూటిగా ఉంది. కొత్త జలాశయం నిండాక అందులో ట్రౌట్ పిల్లల్ని వదలాలి. పాత చేపలుంటే తిండికి పోటీ. గేట్లు మూయకముందే, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే, ఎగువన ఉన్నదంతా ఊడ్చేస్తే ట్రౌట్‌కు మైదానం ఖాళీ.

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. కొల్లేరు చుట్టుపక్కల, భీమవరం వైపు చేపల చెరువు వేసేవాళ్లు పిల్లను వదలకముందు చేసేదీ ఇదే. నీళ్లు తోడి, మిగిలిన మడుగులో ఇప్పపిండి చల్లి, కొర్రమేను లాంటి వేటచేపల్నీ కలుపు చేపల్నీ తేల్చేస్తారు. కొర్రమేను తెలంగాణ రాష్ట్ర చేప. ఆ సంగతి బొచ్చె పెంచే రైతుకు పట్టదు, పట్టనక్కర్లేదు కూడా. అతనిది గట్టు వేసిన చెరువు. గ్రీన్ నదికి గట్టెక్కడుంది?

* * *

ఇంతకీ ఆ చెత్త చేపలు ఏవి? ఒకటి కొలరాడో పైక్‌మిన్నో. మన బొచ్చె, శీలావతులకు దూరపు బంధువే, కానీ ఎదిగితే ఆరడుగులు. దవడల్లో పళ్లుండవు. గొంతులో ఉండే పళ్లతో ఇతర చేపల్ని నలిపి తింటుంది. గుడ్లు పెట్టడానికి వందల మైళ్లు ఎదురీదుతుంది. తొలినాళ్లలో వచ్చి స్థిరపడ్డవాళ్లు దీన్ని వండుకు తిన్నారు, సాల్మన్ అని పిలుచుకున్నారు కూడా. రెండోది హంప్‌బ్యాక్ చబ్. తల వెనక పెద్ద మూపు, సన్నటి తోక. మూడోది బోనీటెయిల్. నాలుగోది రేజర్‌బ్యాక్ సక్కర్, దాని వీపు మీద పడవ అడుగులా నిక్కిన ఎముక. ఎండాకాలంలో గోరువెచ్చగా, మట్టితో చిక్కగా, వసంతంలో మంచు కరిగి విరుచుకుపడే నదిలో బతకడానికే తయారైన ఒళ్లు అవి. కొలరాడో నదీ వ్యవస్థ దాటి ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండవు.

వీటి విలువ తెలిసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రష్ మిల్లర్. హంప్‌బ్యాక్ చబ్‌ను 1946లో శాస్త్రలోకానికి పరిచయం చేసి, పేరు పెట్టినవాడు ఆయనే. పదహారేళ్లు తిరిగేసరికి ఆ చేప ఉండే నదికి విషం పెడతామన్న వార్త ఆయన చెవిన పడింది. ఆయన గురువు, మామగారు కూడా అయిన కార్ల్ హబ్స్ కాలిఫోర్నియాలో ఉండేవాడు. మామా అల్లుళ్లిద్దరూ అభ్యంతరం చెప్పారు. జాతీయ పార్కుల శాఖకూ డైనోసార్ ప్రాంతం గురించి బెంగ పట్టుకుంది. శాఖలు ఒక హామీ ఇచ్చాయి: విషం డ్యామ్ కట్టే చోటు దాటి కొంత దూరం పోతుంది, నిజమే. కానీ బ్రౌన్స్ పార్క్ దగ్గర వంతెన మీద నుంచి విరుగుడు కలుపుతాం, డైనోసార్ హద్దులోకి చుక్క పోనివ్వం.

పని మాత్రం ఆగలేదు.

* * *

మందు పేరు రోటినోన్. డెర్రిస్ లాంటి కొన్ని ఉష్ణమండల మొక్కల వేళ్లలో ఉంటుంది. దక్షిణ అమెరికా అడవుల్లో జనం ఆ వేళ్లను దంచి మడుగుల్లో కలిపి చేపలు పట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇది చేపకు ఊపిరాడకుండా చేస్తుందని మాటవరసకు అంటారు గానీ, నీళ్లలో ఆక్సిజన్ ఎక్కడికీ పోదు. మొప్పల ద్వారా రక్తంలోకి చేరి, కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాన్ని రోటినోన్ ఆపేస్తుంది. చుట్టూ కావలసినంత గాలి ఉన్నా ఒళ్లు దాన్ని అందుకోలేదు. చేప మొదట దిక్కుతోచక గట్టు వైపు వస్తుంది. పైకి తేలి నోరు తెరుచుకుని గుటకలు వేస్తుంది. తర్వాత పక్కకు ఒరిగి, పొట్ట పైకి పెట్టి, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు. చేపలతోపాటు నదీ గర్భంలో రాళ్లకింద బతికే పురుగులూ చాలావరకు పోతాయి. అవి లేనిదే ట్రౌట్‌కైనా తిండి ఉండదన్న సంగతి ఆ వారం ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ మూడు రోజులూ నది మీద జరిగింది అదే. పై వాగుల నుంచి మొదలుపెట్టి మందు కిందికి జారుతున్న కొద్దీ, ముందుగా సన్నచేపలు, ఆ వెనక పెద్దవి. గట్టు మీది మనుషులు ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఊహించడం మాత్రం కష్టం కాదు. పని అనుకున్నట్టే సాగుతోంది గనుక ఎక్కువ మాట్లాడుకుని ఉండరు. వాళ్లు దుర్మార్గులని అనుకుంటే ఈ కథ తేలికైపోతుంది. వాళ్లు జీవశాస్త్రం చదివినవాళ్లు, నది అంటే ప్రేమ ఉన్నవాళ్లు, ఆదివారం పూట తామే గాలం పట్టుకుని నీళ్లలో నిలబడేవాళ్లు. నదికి మేలు చేస్తున్నామనే నమ్మారు.

కష్టం బ్రౌన్స్ పార్క్‌లో వచ్చింది. ఒకప్పుడు బుచ్ కాసిడీ లాంటి దోపిడీదొంగలు తలదాచుకున్న లోయ అది. కొండలు రెండువైపులా దూరం జరిగి, నది నెమ్మదించి, పచ్చికబయళ్ల మధ్య తాపీగా మెలికలు తిరుగుతుంది. ఆ వంతెన దగ్గర సిబ్బంది పొటాషియం పర్మాంగనేట్‌తో కాచుకుని ఉన్నారు. మనకు తెలిసిన మందే. కలరా రోజుల్లో మన ఊళ్ల బావుల్లో వేసిన ఊదారంగు పలుకులు. అది రోటినోన్‌ను విరిచేస్తుంది. ఎంత విషం వస్తుందో, ఎన్ని గంటల పాటు వస్తుందో ముందే లెక్క తేలితే తూకం సరిపోతుంది. తక్కువ వేస్తే విషం దాటిపోతుంది. ఎక్కువ వేస్తే విరుగుడే చేపల్ని చంపుతుంది.

లెక్క తప్పింది. కొద్ది రోజులకు విషం వంతెన దగ్గరికి రానైతే వచ్చింది గానీ, కాగితం మీద రాసుకున్నట్టు రాలేదు. వంతెన కింద నీళ్లు ఊదారంగుకు తిరుగుతూనే ఉన్నాయి. వేసిన విరుగుడు చాల్లేదు. దాన్ని దాటుకుని రోటినోన్ కొలరాడో సరిహద్దు వైపు, లొడోర్ లోయ ద్వారం వైపు సాగిపోయింది. డైనోసార్ స్మారక ప్రాంతంలో చేపలు చచ్చి తేలాయి. ఆనకట్ట పడకుండా ఆరేళ్ల కిందట దేశమంతా నిలబడి కాపాడుకున్న లోయలవి.

* * *

ఆ నెల 27న రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం మార్కెట్లోకి వచ్చింది. పురుగుమందులు పక్షుల్నీ చేపల్నీ ఎలా మింగుతున్నాయో చెప్పే పుస్తకం. వేసవిలోనే పత్రికలో ధారావాహికగా వచ్చి అలజడి రేపింది. గ్రీన్ నది సంగతి బయటపడటానికి ఇంతకన్నా చెడ్డ ముహూర్తం శాఖలకు ఇంకోటి దొరకదు.

నవంబరు 1న ఫ్లేమింగ్ గార్జ్ గేట్లు మూశారు. నీళ్లు నిలవడం మొదలైంది. మరుసటి ఏడాది మిల్లర్ జాతీయ పార్కుల పత్రికలో వ్యాసం రాశాడు. నీటి అడుగున బతికే మన సొంత జీవాలు కాపాడుకోదగ్గవేనా అన్నది ఆయన ప్రశ్న. 1963లోనే అంతర్గత వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ ఉడాల్ తన శాఖకు ఒక ఆదేశం పంపాడు. ఇకపై ఇలాంటి పనులు తలపెట్టినప్పుడు, ఎక్కడా దొరకని జాతికి ముప్పు ఉందా లేదా అన్న మాటకే అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇవ్వాలని దాని సారాంశం. చేప ఎంత బరువు తూగుతుంది, ఎంత బాగా పోరాడుతుంది, ఎంతమంది వేటగాళ్లు వస్తారు అన్న లెక్కలు కాకుండా, ఉందా పోతుందా అన్న ప్రశ్న ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది. 1966లో అంతరించే జంతువుల రక్షణకు తొలి చట్టం వచ్చింది. దాని కింద 1967లో ప్రకటించిన మొదటి జాబితాలోనే పైక్‌మిన్నో ఉంది, హంప్‌బ్యాక్ చబ్ ఉంది. 1973లో అదే పనికి ఇంకా పెద్ద చట్టం వచ్చింది. ఆ చట్టాలకు గ్రీన్ నది ఒక్కటే కారణమంటే అతిశయోక్తి. కానీ వాటి కోసం వాదించిన చేపల శాస్త్రవేత్తలకు ఈ ఉదాహరణ వెతుక్కోవలసిన పని లేకపోయింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ చేపల్ని నిజంగా తరిమేసింది మూడు రోజుల విషం కాదు. దిగువన కొన్ని బతికాయి, యాంపా నదిలో చాలానే ఉన్నాయి, మళ్లీ పైకి వచ్చేవే. వాటికి దారి లేకుండా చేసింది గోడ. 1964 నుంచి 66 దాకా చేసిన పరిశీలనల్లో డ్యామ్ దగ్గర నుంచి యాంపా కలిసేదాకా దాదాపు 65 మైళ్ల మేర సొంత చేపలు తగ్గిపోయినట్టు తేలింది. కారణం వెతికితే నీళ్లు చల్లబడ్డాయి. వేసవిలో గోరువెచ్చగా ఉండాల్సిన నది జలాశయం అడుగు నుంచి వచ్చే చల్లటి నీళ్లతో గడ్డకట్టినట్టయింది. వరద లేదు, మట్టి లేదు.

ఇంకో చిత్రం. జలాశయంలో పోటీ లేకుండా చేద్దామని అంత పని చేశారా, కొన్నేళ్లు తిరిగేసరికి యూటా చబ్ అనే చిన్నచేప ఎలాగో వచ్చి చేరి విపరీతంగా పెరిగిపోయింది. ఊడ్చిన ఇంట్లోకి ముందుగా వచ్చేది దుమ్మే.

* * *

ట్రౌట్ మాటకొస్తే, అది కూడా ఈ నదికి చుట్టమే, ఇంటిమనిషి కాదు. దాని సొంతూరు పసిఫిక్ తీరం. 1872లో లివింగ్‌స్టన్ స్టోన్ అనే మాజీ మతబోధకుడు అమెరికా చేపల కమిషన్ తరఫున కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నదికి వెళ్లాడు. అది విన్నెమెమ్ వింటు అనే ఆదివాసీల నది. వెళ్లింది సాల్మన్ గుడ్ల కోసం. 1879లో అక్కడే ట్రౌట్ కోసం కూడా కేంద్రం పెట్టారు. నాచులో పేర్చిన గుడ్లు రైలెక్కి ఖండం దాటాయి. అక్కణ్నుంచి ఈ చేప వెళ్లని దేశం లేదు. న్యూజిలాండ్‌కు వెళ్లింది, అర్జెంటీనాకు వెళ్లింది, దొరల వెంట మన నీలగిరులకూ మున్నారు కొండవాగులకూ వచ్చింది.

గ్రీన్ నది జలాశయంలోకి 1963 నుంచి ట్రౌట్ పిల్లలు లక్షల్లో వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరు 27న సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయంలో అధ్యక్షుడు కెనడీ ఒక మీట నొక్కగానే, అక్కడికి ఎంతో దూరాన కొండల్లో ఉన్న ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్‌లో మొదటి టర్బైన్ తిరిగింది. ‘సైలెంట్ స్ప్రింగ్’ విడుదలై సరిగ్గా ఏడాది. ఇంకో రెండు నెలలకు కెనడీ లేడు.

డ్యామ్ కింద వదిలిన ట్రౌట్ మొదట్లో బాగానే పెరిగి, తర్వాత పెరగడం మానేశాయి. మళ్లీ చలే. జలాశయం లోతు ఎక్కువైతే నీళ్లు పొరలుగా విడిపోతాయి. ఎండ తగిలే పై పొర వెచ్చన, అడుగు పొర ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీలు. టర్బైన్లకు నీళ్లు అడుగు నుంచే పోతున్నాయి. చల్లదనం ఇష్టమన్న ట్రౌట్‌కే పళ్లు కొరికే చలి. అందుకని 1978లో డ్యామ్ ముందుభాగానికి తలుపులు బిగించారు. కావలసిన లోతు నుంచి, కావలసిన వేడిమితో నీళ్లు తీసుకోవచ్చు. వేసవిలో దాదాపు 13 డిగ్రీలకు తెచ్చారు. ట్రౌట్ ఒళ్లు చేశాయి. ఆ తర్వాతే ఫ్లేమింగ్ గార్జ్ దిగువ నది అమెరికాలో పేరున్న ట్రౌట్ నదుల్లో చేరింది.

ఇప్పుడక్కడికి వెళ్తే మీకు ఇదేదీ కనిపించదు. డ్యామ్ పాదం నుంచి లిటిల్ హోల్ అనే చోటిదాకా ఏడు మైళ్లు, ఎర్ర కొండచరియల నడుమ పచ్చటి నీళ్లు. ఎంత తేటగా అంటే పడవలోంచి తొంగిచూస్తే పన్నెండడుగుల లోతున రాతి పక్కన నిలబడి ముక్కు ప్రవాహం వైపు పెట్టి తోక ఆడిస్తున్న చేప కనిపిస్తుంది. ఎర పెట్టి పట్టకూడదు, కృత్రిమ ఎరలే వాడాలి. ముందూ వెనకా మొన తేలిన చెక్క పడవ, మధ్యలో తెడ్లు పట్టుకున్న గైడ్, ముందు నిలబడ్డ వేటగాడు.

మే నెలాఖరు, జూన్ వచ్చిందంటే సికాడాల కాలం. మన అడవుల్లో మిట్టమధ్యాహ్నం చెవులు గింగురుమనేలా రొదపెట్టే పురుగు జాతే ఇదీ. బొటనవేలి గోరంత ఉండి, ఎగరడం సరిగ్గా రాక, జూనిపర్ చెట్ల మీది నుంచి గాలికి నీళ్లలో పడుతుంది. దానికి నకలుగా నల్ల ఫోము ముక్క, జింక వెంట్రుకలు, నారింజరంగు దారం చుట్టిన కొక్కెం. సాధారణ గాలంలో బరువు కొసన ఉంటుంది. ఇక్కడ తిరకాసు ఏమిటంటే ఈ బొమ్మకు బరువే లేదు. బరువంతా లావుపాటి దారంలో ఉంటుంది. కర్రను వెనక్కి లాగి, వెనక దారం పూర్తిగా సాగేదాకా ఓర్చుకుని, ముందుకు తోస్తే దారం గాల్లో ఉచ్చులా విప్పుకుంటూ పోయి, చివరన అసలు కనిపించని సన్నదారంతో బొమ్మ నీటి మీద వాలుతుంది.

అక్కడితో అయిపోదు. నది మధ్యలో వడి ఎక్కువ, గట్టు పక్కన తక్కువ. లావుదారం మధ్యలో పడి ముందుకు కొట్టుకుపోతే గట్టు పక్కనున్న బొమ్మను ఈడ్చుకుపోతుంది. నీళ్లలో పడ్డ పురుగు ఎక్కడైనా అలా గీత గీసుకుంటూ పరిగెడుతుందా? చేప చూసి మొహం తిప్పుకుంటుంది. అందుకని దారం నీటిని తాకగానే కర్రకొసతో దాన్ని ఎత్తి ఎగువకు వేస్తారు. బొమ్మ నీటితో పాటే నిదానంగా రావాలి.

అప్పుడు కింద నుంచి చేప లేస్తుంది. తొందరేం ఉండదు దానికి. బొమ్మ కిందికి వచ్చి, దానితో పాటే వెనక్కి జారుతూ, ముట్టె ఆనించేంత దగ్గర నుంచి పరీక్షగా చూస్తుంది. పడవలో మనిషికి గుండె గొంతులోకి వస్తుంది. తెల్లటి నోరు తెరుచుకుంటుంది. కొత్తవాడైతే అప్పుడే లాగేస్తాడు, బొమ్మ ఎగిరి వచ్చి వాడి టోపీకి తగులుకుంటుంది. “ఆగండి సార్... ఆగండి... నోరు మూయనివ్వండి... ఇప్పుడు!” అని గైడ్లు గొంతు చించుకునేది ఇందుకే. చేప నోరు మూసి తల కిందికి తిప్పాక కర్ర లేపాలి. అప్పుడు రీలు కీచుమంటుంది.

ఒడ్డుకొచ్చిన చేపను తడిచేత్తో పట్టుకుని, ముల్లు లేని కొక్కెం తీసి, ఎగువకు ముఖం పెట్టి వదిలేస్తారు. నిజం చెప్పాలంటే ఆ అందానికి లొంగకుండా ఉండటం కష్టం. ఆ నీళ్ల తేటదనం జలాశయంలో మట్టి అడుగుకు దిగిపోవడం వల్ల వచ్చింది. ట్రౌట్‌కు సరిపడే వేడిమి 1978 తలుపులది. నీటిమట్టం కరెంటు గిరాకీని బట్టి ఒకే రోజులో పెరిగి తగ్గుతుంది. గట్టున దిగి నిలబడ్డవాడు కళ్లు తెరుచుకుని ఉండాల్సిందే. చేప కాలిఫోర్నియాది. అక్కడ సహజమైనది కొండ ఒక్కటే.

* * *

దిగువన కథ ఇంకోలా నడుస్తోంది. 1988 నుంచి రాష్ట్రాలూ కేంద్రమూ నీటిపారుదల సంఘాలూ పర్యావరణ సంస్థలూ కలిసి ఆ నాలుగు చేపల్ని తిరిగి నిలబెట్టే కార్యక్రమం నడుపుతున్నాయి. బోనీటెయిల్ 1980లో, రేజర్‌బ్యాక్ సక్కర్ 1991లో అంతరించే జాతుల జాబితాకెక్కాయి. హేచరీల్లో పెంచి నదిలో వదులుతున్నారు. హంప్‌బ్యాక్ చబ్ పరిస్థితి కాస్త మెరుగుపడి 2021లో ముప్పు మెట్టు ఒకటి దిగింది. పైక్‌మిన్నోకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. వేటగాళ్ల సరదా కోసమే ఒకప్పుడు ఈ నదుల్లోకి వచ్చిన స్మాల్‌మౌత్ బాస్, నార్తర్న్ పైక్ దాని పిల్లల్ని తినేస్తున్నాయి. సిబ్బంది పడవల్లో తిరిగి నీళ్లలోకి కరెంటు పంపి, స్పృహ తప్పిన బాస్ చేపల్ని ఏరి తీసేస్తున్నారు. సొంత చేపల్ని తీసి పరాయి చేపల్ని పెట్టిన నదిలో, పరాయి చేపల్ని తీసి సొంత చేపల్ని పెట్టే పనికి మళ్లీ ప్రభుత్వ జీతాలే.

2012 నుంచి ఇంకో ఏర్పాటు నడుస్తోంది. వసంతంలో దిగువన జెన్సన్, ఊరే ప్రాంతాల్లో రాత్రిపూట నీళ్లలో దీపపు బోనులు పెడతారు. వెలుగుకు వచ్చి పడే సన్నటి పిల్లల్లో రేజర్‌బ్యాక్ పిల్లలున్నాయా అని పొద్దున వెతుకుతారు. గోరంత పొడవు కూడా ఉండని, గాజులాంటి పిల్లలు. కనిపించాయన్న కబురు అందగానే ఫ్లేమింగ్ గార్జ్‌లో నీళ్లు పెంచి వదులుతారు. నది గట్టు దాటి పక్కనున్న చిత్తడి నేలల్లోకి ఎక్కాలి, పిల్లలు అక్కడి వెచ్చటి నీళ్లలోకి చేరి పెద్ద చేపల నోటికి అందకుండా పెరగాలి. ఎప్పుడు వదలాలన్నది కరెంటు లెక్క కాదు, వేటగాళ్ల సీజను లెక్కా కాదు. ఆ పిల్లలు ఎప్పుడు కనబడితే అప్పుడే.

అది ఒక్కోసారి సరిగ్గా సికాడాల వారంలోనే పడుతుంది. నది రెట్టింపై, గట్టున కాలు పెట్టే వీలుండదు. ఏడాది ముందు సెలవు పెట్టుకుని, విమానం ఎక్కి వచ్చిన వేటగాడు లిటిల్ హోల్ దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. గైడ్లు ఓ మాట అనుకుని, ఫోము బొమ్మలు పక్కనపెట్టి, బరువైనవి తీసి కడతారు.